ఒంటి చెప్పు షాట్

ఆ హత్యల సినిమా రెండో భాగం విడుదలైన రోజు మధ్యాహ్నానికే జనం అభిప్రాయాలు వచ్చిపడడం మొదలైంది. ఆ సినిమాకి ఎడిటర్‌గా పనిచేసినామె వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో ఒక్కొక్కటే చదువుకుంటోంది. ఎదురుగా ఆమె భర్త టీ చల్లార్చుకుంటూ ఆమె ముఖం చదువుతున్నాడు. అతనికి వీధి చివర మందుల దుకాణం ఉంది. ఆ పూట దుకాణం పనివాళ్ళకి అప్పగించి, తోడుగా ఉందామని ఇంట్లోనే ఉండిపోయాడు.

"పైకి చదువు, నేనూ వింటాను," అన్నాడు.

"'మొదటి భాగం చూసి చాలా రోజులు స్నానాల గది తలుపు గడియ పెట్టుకోలేదు. రెండో భాగం చూస్తూ మంచి కునుకు తీశాను.'"

"ఇంకోటి."

"'ఇన్ని పీపాల రక్తం పోశారు గానీ, ఒక్క మనిషికీ ఒంట్లో రక్తం ఉన్నట్టు లేదు.'"

భర్త నవ్వబోయి, ఆమెను చూసి ఆ నవ్వును టీతోపాటు మింగేశాడు. "బాగుందన్నవాళ్ళు కూడా ఉంటారు. కిందకి వెళ్ళి చూడు."

ఉన్నారు. పేగులు చాలా సహజంగా ఉన్నాయని ఒకరు మెచ్చుకున్నారు. మెట్ల మీద హత్య జరిగినప్పుడు పక్క సీటు ఆవిడ తన చెయ్యి గిల్లేసిందనీ, అదొక్కటే సినిమాలో తనకు నొప్పి కలిగించిన ఘట్టమనీ ఇంకొకరు రాశారు.

ఆ సినిమాలో హంతకుడికి పేరు లేదు. తేనె తీసేవాళ్ళు వేసుకునే వల ముసుగు, చేతిలో చెట్లు కత్తిరించే పెద్ద కత్తెర. జనం ముసుగోడు అని పిలుచుకున్నారు. మొదటి భాగంలో తెర మీద రక్తం దాదాపు కనిపించదు. కత్తెర నోరు తెరుచుకున్న చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత కుర్చీ కింద పడిన చప్పుడు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలో తేల్చుకోవడానికి ఎడిటర్ రోజులకు రోజులు గదిలో కూర్చుంది. రెండో భాగానికి వచ్చేసరికి నిర్మాత ఒక్కటే మాట పట్టుకున్నాడు: "కనిపించాలమ్మా. టికెట్ కొన్నవాడికి అంతా కనిపించాలి." అంతా కనిపించింది.

ఆదివారం నాటికి 'కిటికీ సీటు' అనే మారుపేరుతో ఎవరో రాసిన అభిప్రాయం ఒకటి అందరి ఫోన్లలోనూ తిరగసాగింది. దాన్ని కూడా భర్తే చూపించాడు.

"మొదటి భాగం కూర్చినవాళ్ళు చచ్చిపోయే మనిషి ముఖం వంక చూశారు. రెండో భాగం కూర్చినవాళ్ళు కళ్ళు మూసుకుని కత్తిరించారు. మెట్ల మీద ఆ అమ్మాయి చనిపోయాక పక్కింటావిడ వస్తుంది. ఒక కాలికే చెప్పు ఉంటుంది. ఎవరినీ పిలవదు, అరవదు. ముందు ఆ అమ్మాయి పాదాల మీద దుప్పటి సర్దుతుంది. పై అంతస్తులో ఎవరో బట్టలుతికే మెషీన్ తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. సినిమా మొత్తంలో భయపెట్టే షాట్ అదొక్కటే. అది మీకు చూపించలేదు. ఎందుకో అడగండి."

ఎడిటర్‌కు చదువుతుండగానే తెలిసిపోయింది. ఆ షాట్ ఉంది. షూటింగ్‌లో పక్కింటావిడ వేషం వేసినామె చెప్పు తెగిపోతే, దర్శకుడు ఆపకుండా తీసేశాడు. అంతవరకూ అక్కడున్న వాళ్ళందరికీ తెలిసిందే. కానీ బట్టల మెషీన్ చప్పుడు షూటింగ్‌లో లేదు. దాన్ని తర్వాత ఎడిటింగ్ గదిలో చేర్చారు. చేర్చిన మర్నాడే నిర్మాత వచ్చి చూసి, "ఎవరు చూస్తారమ్మా ఇది, తీసేయ్," అన్నాడు. ఆమె తీసేసింది. ఆ చప్పుడుతో ఆ షాట్ చూసినవాళ్ళు ఆమె కాక నలుగురే. నిర్మాత, దర్శకుడు, శబ్దాలు చేర్చే సౌండ్ ఇంజనీర్, ఆ సాయంత్రం ఆమెను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి కుర్చీ వెనక నిలబడి చూసిన భర్త.

"ఎవరై ఉంటారంటావ్?" అని అడిగాడు భర్త.

"మీకే తెలియాలి," అంది ఆమె. సరదాకే అంది, కానీ ఆ మాట నోట్లోంచి వచ్చాక సరదాగా వినిపించలేదు.

వారం తిరిగేసరికి అభిప్రాయాల రంగు మారిపోయింది. సినిమా ఎలా ఉందన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. అందరికీ ఒంటి చెప్పు షాట్ కావాలి. సినిమా చూడనివాళ్ళకి కూడా కావాలి. నిర్మాత కబురు పెట్టాడు.

అతని ఆఫీసు గోడ నిండా పాత సినిమాల పోస్టర్లు. వాటి కింద అతను కుర్చీలో వెనక్కి వాలి, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"ఆ షాట్ తీసేయమన్నప్పుడు మొహం మాడ్చుకున్నది నువ్వేనమ్మా. నాకు గుర్తుంది."

"మాడ్చుకున్నాను సార్. తీసేశాను కూడా."

"తీసేసి ఊరికే ఉన్నావా అని అడుగుతున్నాను."

"నన్ను నేనే కళ్ళు మూసుకుని కత్తిరించానని తిట్టుకుంటానా?"

"తెలివైనవాళ్ళు అలాగే రాస్తారు, అనుమానం రాకుండా." పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "నువ్వు కాకపోతే ఎవరో తేల్చి చెప్పు. గుట్టు దాచుకోలేని గదికి మూడో భాగం ఎలా ఇస్తాను?"

బయటకు వచ్చాక ఆమెకు ముందు ఒళ్ళు మండింది. బస్సు ఎక్కేసరికి ఆ మంట చల్లారి, దాని చోట ఇంకేదో చేరింది. నిర్మాత తనను చూసిన చూపుతోనే ఆమె మిగతా ముగ్గురినీ చూడడం మొదలుపెట్టింది.

ఆ చూపుతో చూస్తే అందరూ దొంగల్లాగే కనిపించారు. సౌండ్ ఇంజనీర్‌ను ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. ఆమెకు పని నేర్పిన మనిషి, తెల్లజుట్టు, తక్కువ మాట. ఈ మధ్య ఫోన్ మోగితే గది బయటకు వెళ్ళి మాట్లాడుతున్నాడు. ఇంతకుముందు కూడా అలాగే వెళ్ళేవాడా? ఆమెకు గుర్తు రాలేదు. భర్త ఫోన్ బల్ల మీద బోర్లా పెడుతున్నాడు, ఆమె గదిలోకి రాగానే టైపు చేయడం ఆపేస్తున్నాడు. అతను చక్కగా రాస్తాడు. పెళ్ళికి ముందు ఆమెకు రాసిన ఉత్తరాలు చదివి ఆమె వదిన కూడా మెచ్చుకుంది. ఆ విషయం ఇన్నాళ్ళూ ముచ్చటగా ఉండేది. ఇప్పుడు సాక్ష్యంలా అనిపించింది.

ఆమెను అక్కా అని పిలిచే కుర్ర దర్శకుడి మీద మాత్రం అనుమానం లేదు. సినిమా అతనిదే. తన సినిమాను తనే ఎవరు తిట్టుకుంటారు?

అడగడానికి నోరు రాక ఆమె ఒక ఉపాయం పన్నింది. ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పాలి. ఏది కిటికీ సీటు రాతల్లో తేలితే అతనే దొంగ.

భర్తకు అన్నం తినేటప్పుడు చెప్పింది. "అసలు చివర్లో ముసుగోడు ముసుగు తీసి ఏడుస్తాడు తెలుసా? అది కూడా ఎత్తేశాం."

"అయ్యో, అది ఉంటే బాగుండేది కదా," అన్నాడతను కూర వడ్డించుకుంటూ.

బాబాయికి గదిలో చెప్పింది. "తోటలో నాలుగో హత్య ఒకటి ఉండేది బాబాయ్. మీదాకా రాకముందే తీసేశాం."

ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్స్ కిందకి జార్చి ఆమె వంక ఒక క్షణం చూశాడు. "అలాగా," అని మళ్ళీ పెట్టుకున్నాడు.

దర్శకుడికి చెప్పాల్సిన పని లేదనుకుంది. కానీ ఇద్దరికి చెప్పి ఒకరిని వదిలేస్తే లెక్క తప్పుతుందేమోనని, పేరుకి ఫోన్ చేసింది. "నీకు చెప్పాలో వద్దో తెలీడం లేదు తమ్ముడూ. ఈ గొడవ చూసి సార్ ఆ షాట్‌ను పూర్తిగా చెరిపించేశారు. కాపీలతో సహా. ఇక లేదు."

"సరే అక్కా," అని పెట్టేశాడు.

మర్నాడు ఏదో పని మీద దుకాణానికి వెళితే, భర్త మందుల అరల వెనక ఒంటరిగా స్టూలు మీద కూర్చుని ఫోన్లో టకటకా కొడుతున్నాడు. ఆమెను చూసి ఫోన్ జేబులోకి తోయబోయాడు. ఆమె చెయ్యి చాపింది.

"ఇవ్వండి."

"ఏముంది అందులో, ఊరికే."

"ఊరికే అయితే ఇవ్వండి."

చివరికి ఇచ్చాడు. తెర మీద సగం రాసిన అభిప్రాయం ఉంది. రాస్తున్నవారి పేరు 'పాప్‌కార్న్ పెద్దమ్మ'. "నా వయసులో ఇలాంటి సినిమాలు చూడకూడదంటారు. కానీ ఈ రెండో భాగం కూర్పు చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఆ ఎడిటర్ ఎవరో గానీ ఆ తల్లి చేతులకు" అని అక్కడ ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి చూస్తే 'భయస్తుడు', 'విశ్రాంత ఉపాధ్యాయుడు', 'ముగ్గురు పిల్లల తండ్రి' అందరూ కూర్పునే పొగిడారు. అందరికీ కళ్ళు చెమర్చాయి.

ఆమె మందు డబ్బాల మధ్య నేల మీద కూలబడి నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. అతను సిగ్గుపడుతూ పక్కన కూర్చున్నాడు.

"నువ్వు రోజూ ఆ తిట్లు చదువుకుంటుంటే చూడలేకపోయాను."

"గొంతు కోసే సినిమాకి ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయా అండీ?"

"నాకు చెమర్చాయి మరి." ఫోన్ వెనక్కి తీసుకుంటూ అడిగాడు. "నా ఫోన్ ఎందుకు లాక్కున్నావ్?"

ఆమె నవ్వు ఆగిపోయింది. చెప్పింది, ముసుగోడి ఏడుపు అబద్ధమని కూడా చెప్పింది. అతను కోప్పడలేదు. లేచి, కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి జ్వరం మాత్రలు ఇచ్చి వచ్చాడు. "మా అక్కకి చెప్పేశాను ఆ ఏడుపు సంగతి," అన్నాడు. "ఇప్పుడు అది కూడా అబద్ధమని నేను చెప్పాలి."

ఇక మిగిలింది బాబాయే అనుకుంది ఆమె. ఆ రోజంతా ఆయన ముఖం కేసి చూడలేకపోయింది. ఎలా అడగాలో, ఏమని నిలదీయాలో మనసులో మాటలు పేర్చుకుంటుండగా ఫోన్ మోగింది. కిటికీ సీటు కొత్తగా రాశాడు.

"ఆ షాట్ ఇక లేదట. కాపీలతో సహా చెరిపించేశారట. దయచేసి అడగడం మానేయండి. పోయినవాళ్ళు అడిగితే రారు."

ఆమె రెండోసారి చదివింది. మొదట కలిగింది ఊరట. భర్త కాదు, బాబాయ్ కాదు. ఆ ఊరటకు సిగ్గుపడే లోపే కోపం వచ్చింది. కళ్ళు మూసుకుని కత్తిరించారట. ఊళ్ళో అందరి చేతా చదివించాడు ఆ మాట, అక్కా అక్కా అంటూనే.

దర్శకుడు మేడ మీద ఒక గదిలో అద్దెకుంటాడు. ఆమె వెళ్ళేసరికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఎవరో కొత్త నిర్మాతను కలవాలట.

"కిటికీ సీటు బాగుందా తమ్ముడూ? గాలి బాగా వస్తోందా?"

అతను ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్ ఆపాడు. బుకాయించలేదు.

"ఎలా తెలిసింది?"

"చెరిపేశారన్న మాట నీకొక్కడికే చెప్పాను. నేను కల్పించిన మాట అది."

ఆమె దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి. కానీ అతని ముఖంలో తప్పు దొరికిపోయిన భావం లేదు. ఇంకేదో ఉంది.

"అంటే ఉందా?" అన్నాడు. "అక్కా, ఉందా ఆ షాట్?"

"ఉంది."

అతను మంచం అంచున కూర్చుని రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. ఆమెకు పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది.

"మా నాన్న రోడ్డు మీద పడిపోయినప్పుడు ఎవరో ఒకావిడ వచ్చింది," అన్నాడతను. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యలేదు ముందు. పైకి లేచిపోయిన చొక్కాని కిందకి లాగి సర్దింది. ఆ తర్వాతే ఫోన్ తీసింది. నేను అవతలి పక్క నుంచి చూస్తున్నాను. ఆవిడెవరో ఇప్పటికీ తెలీదు. ఈ సినిమా మొత్తంలో నాది అనుకున్నది అదొక్కటే."

"అది నాతో చెప్పొచ్చు కదా."

"సార్ తీసేయమన్న రోజు నువ్వు ఒక్క మాటన్నా అంటావనుకున్నాను. అనలేదు. మౌస్ పట్టుకుని తీసేశావు."

"నువ్వన్నావా?"

"సినిమా గురించి నోరెత్తకూడదని నా ఒప్పందంలో రాసి ఉంది."

"నీకు రాసి ఉంది. నాకు రాయకుండానే ఉంది." ఆమె గొంతు పెరగలేదు. "మారుపేరు పెట్టుకుని నన్ను తిట్టావు చూడు, అది మాత్రం ఏ ఒప్పందంలోనూ లేదు."

అతను తల ఎత్తలేదు. "నేను అడిగితే బతిమాలడం అవుతుంది అక్కా. జనం అడిగితే ఇవ్వక తప్పదు. అందుకని మొదలుపెట్టాను. నీ గురించి రాసేటప్పుడు కోపంగానే ఉన్నాను. నిజం చెప్తున్నాను."

ఆమె లేచింది. క్షమించానని అనలేదు, లేదని కూడా అనలేదు. సగం ఇస్త్రీ అయిన చొక్కా చూపించి, "చేతులు మిగిలాయి," అని వచ్చేసింది.

కథ అక్కడితో ఆగలేదు. కిటికీ సీటు మాట నమ్మి జనం నిర్మాత మీద పడ్డారు. షాట్‌ను చంపిన హంతకుడన్నారు, ముసుగోడు తెర వెనకే ఉన్నాడన్నారు. అతని ఫోటోకి వల ముసుగు తొడిగి ఊరంతా పంచారు. నిర్మాత ముగ్గురినీ పిలిపించి తలుపు వేయించాడు. ఎడిటర్, బాబాయ్, దర్శకుడు వరసగా కూర్చున్నారు.

"నేనేమీ చెరిపించలేదు," అన్నాడు నిర్మాత. "అలాంటి మాట నా నోటంట రాలేదు. మరి ఎవరు పుట్టించారు?"

దర్శకుడు నోరు తెరవబోతుండగా ఎడిటర్ అందుకుంది. "నేనే సార్. దొంగను పట్టుకుందామని కల్పించాను."

"ఎవరితో చెప్పావు?"

ఒక్క పేరు చెబితే ఆమె బయటపడుతుంది. మూడో భాగం చేతికొస్తుంది. పక్క కుర్చీలో దర్శకుడి మోకాలు ఆగకుండా ఊగుతోంది.

"ముగ్గురికీ అదే చెప్పాను సార్. బాబాయికి, ఇతనికి, మా ఆయనకి."

"ముగ్గురికీ ఒకటే అబద్ధం చెప్తే దొంగ ఎలా దొరుకుతాడు?"

"అదే సార్, నాకు అంత తెలివి లేకపోయింది."

నిర్మాత బాబాయి వైపు తిరిగాడు. "నీక్కూడా ఇదే చెప్పిందా?"

బాబాయికి చెప్పింది తోటలో నాలుగో హత్య. ఆయన ఇప్పుడు ఒక్క ముక్క నిజం అంటే చాలు, అంతా బయటపడుతుంది. ఎడిటర్ బల్ల అంచు వంకే చూస్తూ కూర్చుంది.

"ఇదే చెప్పింది," అన్నాడు బాబాయ్.

నిర్మాత ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. "దొంగెవరో నీకు తెలీదా, తెలిసినా చెప్పవా?"

"మూడో భాగానికి వేరేవాళ్ళని చూసుకోండి సార్," అంది ఆమె. అతను అనబోతున్న మాటే అది. తనే ముందు అనేస్తే కాస్త నయమనిపించింది.

దర్శకుడు ముందు వెళ్ళిపోయాడు. బయట వరండాలో బాబాయ్ మెల్లగా నడుస్తుంటే ఆమె వెనకే వెళ్ళింది.

"థాంక్స్ బాబాయ్."

"తోటలో హత్య లేదని నాకు అప్పుడే తెలుసు," అన్నాడాయన. "సినిమాలో తోటే లేదు కదమ్మా. ఎందుకు చెప్తున్నావో కూడా తెలిసింది."

"మరి అప్పుడే అడగొచ్చు కదా, నామీద అనుమానమా అని."

"నువ్వు నన్ను అడగలేదు. నేనెందుకు అడగాలి?"

ఆమె ఫోన్ల సంగతి ఎత్తింది. బయటకెళ్ళి మాట్లాడుతుంటే అలా అనిపించిందని సంజాయిషీ చెప్పబోయింది.

"ఎడమ చెవి పోతోందమ్మా. ఆ ఫోన్లు డాక్టర్లవి. సౌండ్ ఇంజనీర్‌కి చెవి పోతోందని గదిలో కూర్చుని మాట్లాడతానా?"

ఆమె ఆయన ఎడమ వైపు నుంచి కుడి వైపుకు వచ్చి నడిచింది. ఆయన అది గమనించాడు.

నిర్మాత వ్యాపారం తెలిసిన మనిషి. తిట్లు ఎక్కువయ్యేకొద్దీ అతనికి కోపం తగ్గి, లెక్క తెలిసొచ్చింది. కొద్ది రోజులకే రెండో భాగం మళ్ళీ థియేటర్లకి వచ్చింది, పోస్టర్ మీద రక్తం చెరిపి ఒక చెప్పు బొమ్మ వేసుకుని. ఆ ఆలోచన తనదేనని అందరికీ చెప్పుకున్నాడు.

ఎడిటర్ భర్తతో కలిసి మ్యాటినీకి వెళ్ళింది. షాట్ వచ్చింది. హాల్లో కొంతమంది దగ్గారు, ఎవరో ఫోన్ చూసుకున్నారు. ముందు వరసలో ఒకతను "ఇంతేనా?" అన్నాడు. బట్టల మెషీన్ తిరుగుతూ ఉంది. పక్కింటావిడ వంగి దుప్పటి సర్దింది. అప్పుడు హాల్లో వెనక ఎక్కడో ఒకామె చిన్నగా "అమ్మా" అంది, తనలో తను అనుకున్నట్టు. ఎడిటర్ వెనక్కి తిరిగి చూడలేదు.

బయటకు వస్తుంటే ఇద్దరు స్నేహితురాళ్ళు వాదించుకుంటున్నారు.

"దీనికోసమా ఇంత గోల? నాకైతే ఆ పేగులే నచ్చాయి."

"నువ్వు పో. నాకింకా కాళ్ళు వణుకుతున్నాయి."

మూడో భాగం వేరే ఊరి ఎడిటర్‌కి వెళ్ళింది. దర్శకుడు కూడా దాన్ని వదులుకున్నాడని తర్వాత తెలిసింది. కొత్త నిర్మాత ఒప్పుకున్నాడట, ఈసారి కత్తులు లేవట. పని చేస్తావా అక్కా అని ఫోన్ చేశాడు. "నచ్చకపోతే నా ముఖం మీద అంటావా?" అని అడిగింది. "అంటాను," అన్నాడు. "ఆలోచిస్తాను," అంది. అతన్ని నమ్మొచ్చో లేదో ఆమెకు ఇంకా తేలలేదు. కిటికీ సీటు మాత్రం మళ్ళీ ఏమీ రాయలేదు.

బాబాయ్ ఇప్పటికీ ఆమె గదిలోనే పని చేస్తాడు. చెవికి చిన్న మిషన్ పెట్టుకున్నాడు, దాచుకోవడం లేదు. ఇదివరకు తలుపు తోసుకుని నేరుగా వచ్చేవాడు. ఇప్పుడు తలుపు కొట్టి వస్తాడు. "తెరిచే ఉంది బాబాయ్," అంటుంది ఆమె ప్రతిసారీ. ఆయన నవ్వుతాడు, కూర్చుంటాడు, పని మొదలుపెడతాడు. మర్నాడు మళ్ళీ కొట్టే వస్తాడు.